మన ఎండల్లో ఇంటి బ్రెడ్: పిండి కలపడం నుంచి ముక్కలు కోసే దాకా

బ్రెడ్‌కి తప్పనిసరిగా కావలసినవి నాలుగే: పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్. మెత్తగా ఉండాలనుకుంటే కొంచెం పాలు, చక్కెర, వెన్న కలుపుకుంటాం. ఇంట్లో చేస్తే సరిగ్గా రాలేదు అనేవాళ్లు చాలామంది తప్పు ఈ సరుకుల్లోనే ఉందనుకుంటారు. మైదా బాగాలేదనో, ఈస్ట్ పాతదనో, ఓవెన్ చిన్నదనో అంటారు. నా అనుభవంలో అసలు కారణం చాలాసార్లు వేరు. వాళ్లు చూసి చేసిన పద్ధతి చలిదేశాల వంటింటి కోసం రాసింది. అక్కడ గదిలో 20, 22 డిగ్రీలే ఉంటుంది కాబట్టి, గోరువెచ్చని నీళ్లతో కలిపి వెచ్చని చోట గంటన్నర ఉంచమనడం వాళ్లకు సరైన సలహానే. మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో అదే చేస్తే పిండి ముప్పావుగంటలో పొంగుతుంది, గంటన్నర అయ్యేసరికి పులిసి కూలిపోతుంది.

అందుకే ఇక్కడ గడియారం కంటే పిండి వేడి గురించి ఎక్కువగా చెబుతాను. అది ఒక్కటి చేతికి వస్తే మిగతా పని సులువే. ఎండాకాలంలో ఇడ్లీపిండి ఎంత తొందరగా పులుస్తుందో, డిసెంబరులో ఎంత బతిమాలించుకుంటుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ తెలివే ఇక్కడా పనికొస్తుంది. కాకపోతే బ్రెడ్ పిండికి తొందర ఇంకా ఎక్కువ.

కొనుక్కునే బ్రెడ్ ఉండగా ఎందుకు చేయాలి

జ్వరం వచ్చినప్పుడు పాలలో ముంచుకుని తినే బ్రెడ్‌గా మొదలై, ఇప్పుడు చాలా ఇళ్లలో అది రోజూ ఉదయం టిఫిన్ అయింది. రోజూ తినేదాన్ని ఒకసారి ప్యాకెట్ తిప్పి చదవడం మంచిది. ఐఎన్ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంకెల పద్ధతి) 282 అని ఉంటే కాల్షియం ప్రొపియోనేట్, బూజు పట్టకుండా వేసేది. 471, 481 లాంటివి మెత్తదనం కోసం. 150 అంకెతో మొదలయ్యేది కారమెల్ రంగు. కొన్ని బ్రౌన్ బ్రెడ్‌లకు ఆ రంగు గోధుమ పొట్టు నుంచి కాదు, దీని నుంచే వస్తుంది. ఇవన్నీ ప్రభుత్వం అనుమతించినవే, విషాలని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే 2016 మే నెలలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బ్రెడ్, బన్ నమూనాలను పరీక్షించి, ఎక్కువ వాటిలో పొటాషియం బ్రోమేట్, అయోడేట్ (పిండిని బలపరచడానికి కలిపేవి, ఆరోగ్యానికి హాని అన్న అనుమానం ఉన్నవి) అవశేషాలు ఉన్నాయని చెప్పింది. ఆ తర్వాతి నెలలోనే మన దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పొటాషియం బ్రోమేట్‌ను అనుమతి జాబితా నుంచి తీసేసింది. అప్పటిదాకా అది మన దగ్గర చట్టబద్ధంగానే వాడారు.

ఇంట్లో చేస్తే పిండిలో ఏం పడిందో మీకు తెలుస్తుంది. నాకు అంతకంటే ముఖ్యమైనది రుచి. ఫ్యాక్టరీలో పిండిని వేగంగా తిప్పి, తక్కువ సేపట్లో పొంగించి, వెంటనే కాలుస్తారు. పిండి నిదానంగా పులిసినప్పుడు వచ్చే వాసన అక్కడ రాదు. డబ్బు మిగులుతుందా అంటే, కొద్దిగా. ఓటీజీలో (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) ఒకసారి కాల్చడానికి సుమారు ఒక యూనిట్ కరెంటు అవుతుంది. డబ్బు కోసమే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు.

సరుకులు, కొలతలు

మొదటిసారి మైదాతోనే చేయండి. ఆరోగ్యం కోసమే కదా, నేరుగా గోధుమపిండితో మొదలుపెడతానంటే వద్దంటాను. పొంగిన పిండి ఎలా ఉంటుందో, సరిగ్గా పిసికిన పిండి ఎలా సాగుతుందో చేతికి తెలియాలంటే మైదాలోనే తేలిక. రెండు మూడు సార్లు బాగా వచ్చాక గోధుమపిండికి వెళ్దాం. దానికి విడిగా కింద రాశాను.

ఎనిమిది అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు ఉన్న ఒక బ్రెడ్ టిన్‌కి:

- మైదా 300 గ్రాములు
- కాచి చల్లార్చిన పాలు 100 గ్రాములు
- నీళ్లు 90 గ్రాములు
- చక్కెర 18 గ్రాములు
- ఉప్పు 6 గ్రాములు
- వెన్న లేదా నూనె 20 గ్రాములు
- ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు (ఎండాకాలంలో 2 గ్రాములు)

పాలు, నీళ్లు కూడా గ్రాముల్లోనే తూచండి. వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి కొనుక్కోండి, ఓవెన్ కంటే ముందు కొనాల్సింది అదే. కప్పుతో కొలిస్తే, పిండి వదులుగా పోశారా నొక్కి పోశారా అన్నదాన్ని బట్టి 20, 30 గ్రాములు తేడా వస్తుంది. బ్రెడ్‌లో ఆ తేడా చాలా ఎక్కువ. త్రాసు వచ్చేదాకా గుర్తు కోసం: తలకొట్టిన టీస్పూను ఉప్పు సుమారు 6 గ్రాములు, తలకొట్టిన టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్ట్ సుమారు 3 గ్రాములు.

బేకర్లు కొలతలన్నీ పిండిని నూరుగా తీసుకుని చెప్పుకుంటారు. ఉప్పు నూటికి రెండు, ఈస్ట్ నూటికి ఒకటి లోపు, నీళ్లూ పాలూ కలిపి నూటికి 63. ఈ లెక్క గుర్తుంటే పెద్ద టిన్ తెచ్చుకున్నా పక్కింటివాళ్లకు రెండు చేసినా ఇబ్బంది ఉండదు.

ఉప్పు తగ్గించాలని చూడకండి. రుచి కోసమే కాదు, పిండికి బిగువు ఇచ్చేది, ఈస్ట్ వేగానికి కళ్లెం వేసేది ఉప్పే. ఎండాకాలంలో అది ఇంకా అవసరం. పాలు కాచి చల్లార్చినవే ఎందుకంటే, పచ్చి పాలలోని కొన్ని ప్రోటీన్లు పిండి బిగువును దెబ్బతీస్తాయి. మన ఇళ్లలో పాలు ఎలాగూ కాస్తాం కాబట్టి ఇది వేరే పని కాదు.

ఈస్ట్ రకాలు మూడు. ఇన్‌స్టంట్ అనేది సన్నని రవ్వలా ఉంటుంది, నేరుగా పిండిలో కలపొచ్చు. యాక్టివ్ డ్రై ఈస్ట్ గింజలు కొంచెం లావుగా ఉంటాయి. దాన్ని ముందు 40 డిగ్రీలు దాటని వేడి ఉన్న కొద్ది నీళ్లలో చిటికెడు చక్కెరతో నానబెట్టాలి. పది నిమిషాల్లో నురగ రాకపోతే అది చచ్చిన ఈస్ట్, పారేయండి. మూడోది బేకరీలు వాడే తడి ఈస్ట్, ఫ్రిజ్‌లో కూడా ఎక్కువ రోజులు ఉండదు. ఇన్‌స్టంట్ 3 గ్రాములు అన్నచోట యాక్టివ్ డ్రై అయితే దాదాపు 4, తడిది అయితే 9 గ్రాములు. ప్యాకెట్ తెరిచాక గాలి దూరని సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. మన తేమలో బయట ఉంచితే కొన్ని వారాల్లోనే బలం పోతుంది.

నీళ్ల వేడి ఎంత

కలపడం పూర్తయ్యాక పిండిముద్ద 26 డిగ్రీల దగ్గర ఉండాలి. ఆ వేడిలో ఈస్ట్ తొందరపడకుండా, బద్ధకించకుండా పనిచేస్తుంది. గదిని మనం చల్లబరచలేం, పొడిపిండిని చల్లబరచడమూ అంత తేలిక కాదు. మన చేతిలో సులువుగా ఉన్నది నీళ్లే. బేకరీల్లో వాడే చిన్న లెక్క ఇది: 26ని మూడుతో హెచ్చిస్తే 78. అందులోంచి గది వేడి, పిండి వేడి తీసేయండి. మిగిలిన అంకె పాలూ నీళ్లూ ఉండాల్సిన వేడి.

వంటిల్లు 34 డిగ్రీలు ఉందనుకోండి, డబ్బాలో పిండి కూడా 34 ఉంటుంది. 78లోంచి 68 పోతే 10. అంటే ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు, చల్లటి నీళ్లు. గోరువెచ్చనివి అసలు కాదు. అదే జనవరిలో ఆదిలాబాద్‌లో గది 20 ఉంటే, 78లోంచి 40 పోయి 38 మిగులుతుంది. అప్పుడు గోరువెచ్చనివి సరైనవి. 40 డిగ్రీల ఎండలో అయితే లెక్క ప్రకారం సున్నా కిందికి వస్తుంది. పిండిని కూడా రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, నీళ్లలో రెండు ఐసు ముక్కలు వేసి తూచుకోండి. కరిగిన ఐసు బరువు కూడా నీళ్లలోనే లెక్కకు వస్తుంది. మిక్సర్‌తో పిసికేవాళ్లు ఇంకా చల్లటివి వాడాలి, ఎందుకంటే ఆ రాపిడికి ముద్ద గట్టిగా వేడెక్కుతుంది.

చల్లటి నీళ్లు పోస్తే ఈస్ట్ చచ్చిపోతుందని చాలామందికి భయం. చలికి ఈస్ట్ నిద్రపోతుంది అంతే. 55, 60 డిగ్రీల వేడి తగిలితేనే చస్తుంది. మన ఇళ్లలో ఈస్ట్‌ను చంపేది వేడినీళ్లే.

కలపడం, పిసకడం

వెడల్పాటి బేసిన్‌లో మైదా, చక్కెర, ఈస్ట్ వేసి పొడిగా కలపండి. ఉప్పు, వెన్న ఇప్పుడే వేయొద్దు. పాలూ నీళ్లూ పోసి, ఎక్కడా పొడిపిండి కనబడకుండా చేత్తో కలిపి, మూతపెట్టి 20 నిమిషాలు వదిలేయండి. పిండి నీళ్లు పీల్చుకుంటుంది, గ్లూటెన్ (పిండికి సాగే గుణం ఇచ్చే ప్రోటీన్) తనంతట తాను అల్లుకోవడం మొదలుపెడుతుంది. ఈ 20 నిమిషాల వల్ల తర్వాత పిసకాల్సిన శ్రమ దాదాపు సగం తగ్గుతుంది.

ఇప్పుడు ఉప్పు చల్లి, వెన్న వేసి పిసకండి. మొదట వెన్న చేతికి జారుతూ ముద్ద విడిపోయినట్టు ఉంటుంది. కంగారు వద్దు, రెండు నిమిషాల్లో కలిసిపోతుంది. అరచేతి మడమతో ముందుకు నెట్టడం, వెనక్కి మడవడం, పావు వంతు తిప్పడం. ఇలా పది, పన్నెండు నిమిషాలు.

ఇక్కడే మన అలవాటు అడ్డొస్తుంది. చపాతీ పిండి కలిపే చెయ్యి, పిండి అంటుకోగానే డబ్బాలోంచి ఇంకో గుప్పెడు తీసి చల్లుతుంది. బ్రెడ్ పిండి మొదట అంటుకోవాలి. పొడి చల్లిన ప్రతిసారీ బ్రెడ్ గట్టిపడుతుంది. అంటుకుంటే చేతికి చుక్క నూనె రాసుకోండి, లేదా ఐదు నిమిషాలు మూతపెట్టి వదిలి మళ్లీ పిసకండి. విశ్రాంతి ఇచ్చిన ముద్ద అంటుకోవడం దానంతట అదే తగ్గుతుంది.

అయిందో లేదో చూడటానికి నిమ్మకాయంత ముద్ద తీసుకుని రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా పొరలా సాగదీయండి. వెలుతురు కనిపించేంత పలచబడేదాకా చిరగకుండా సాగితే పిసకడం చాలు. మధ్యలోనే చిరిగితే ఇంకో మూడు నిమిషాలు. ఇది నేర్చుకోవాల్సిన పరీక్షల్లో మొదటిది. దీన్ని దాటవేస్తే బ్రెడ్ పొడిపొడిగా రాలుతుంది.

మొదటి పొంగు

నూనె రాసిన గిన్నెలో ముద్ద పెట్టి, మూతో తడిగుడ్డో కప్పండి. ఫ్యాన్ గాలి తగిలితే పైన చెక్కు కడుతుంది కాబట్టి గుడ్డ కంటే మూతే నయం. వీలైతే నిటారుగా ఉన్న పారదర్శకమైన డబ్బా వాడి, ముద్ద పైఅంచు ఎక్కడుందో బయట స్కెచ్ పెన్నుతో గీత పెట్టండి. రెట్టింపు అయిందా లేదా అన్నది అప్పుడు ఊహ కాదు, కంటికి కనిపిస్తుంది.

26, 27 డిగ్రీల్లో గంట నుంచి గంటంబావు పడుతుంది. 34, 35లో 40 నిమిషాలకే అయిపోవచ్చు. చలికాలంలో రెండు గంటలైనా ఆశ్చర్యం లేదు. టైమర్ పెట్టుకోండి గానీ దాని మాట నమ్మకండి. వేలికి పిండి అద్దుకుని ముద్దలో రెండు కణుపుల లోతు గుచ్చి తీయండి. గుంట అలాగే నిలిస్తే అయినట్టు. వెంటనే పూడితే ఇంకొంచెం ఆగాలి. గుచ్చగానే ముద్ద నిట్టూర్చినట్టు కూలిపోతే ఎక్కువైంది. అలా ఎక్కువైనది పారేయనక్కర్లేదు. గాలి తీసి, పెనం మీద పలచటి రొట్టెలుగా కాల్చుకోవచ్చు.

ఎండాకాలానికి నేను గట్టిగా చెప్పే పద్ధతి ఇంకోటి ఉంది. రాత్రి భోజనాల తర్వాత పిండి కలిపి, 20 నిమిషాలు బయట ఉంచి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పది, పన్నెండు గంటల్లో నిదానంగా పొంగుతుంది. పొద్దున్నే తీసి చుట్టుకుని, ఎండ ఎక్కకముందే కాల్చేయొచ్చు. వేడి సమస్య తీరుతుంది, వంటింట్లో మీరూ ఉడికిపోరు. అన్నిటికంటే ముఖ్యంగా, చల్లగా నిదానంగా పులిసిన పిండిలో రుచి బాగా ఎక్కువ. వీలు కుదిరితే చలికాలంలో కూడా ఇలాగే చేయండి.

చుట్టడం, రెండో పొంగు

ముద్దను గట్టు మీదికి తీసి అరచేతులతో నొక్కి పెద్ద బుడగలు తీసేయండి. టిన్ పొడవుకి సరిపోయే వెడల్పుతో దీర్ఘచతురస్రంగా పరచండి. అప్పడాల కర్ర వాడొచ్చు. పొట్టి అంచు నుంచి చాపలా బిగుతుగా చుట్టుకుంటూ రండి. ప్రతి చుట్టుకీ బొటనవేళ్లతో లోపలికి నొక్కాలి. వదులుగా చుడితే కోసినప్పుడు మధ్యలో సొరంగాలు కనిపిస్తాయి. చివరి అంచును గిల్లి అతికించి, ఆ అతుకు కిందికి వచ్చేలా నూనె రాసిన టిన్‌లో పెట్టండి. ఇప్పుడు టిన్ సగం నిండినట్టు ఉంటుంది.

రెండో పొంగు మొదటిదాని కంటే తొందరగా అవుతుంది, 30 నుంచి 50 నిమిషాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండి అయితే గంట, గంటన్నర. మధ్యభాగం టిన్ అంచుకు ఒక సెంటీమీటరు పైకి వచ్చి, పక్కన వేలితో మెల్లగా నొక్కితే గుంట నిదానంగా, సగమే పూడితే ఓవెన్‌కి సిద్ధం. ముద్ద అంచు దాకా రాగానే ఓవెన్ వేడి చేయడం మొదలుపెట్టండి. ముద్ద సిద్ధమయ్యాక ఓవెన్ కోసం ఆగితే ఆ పది నిమిషాల్లో పొంగు మించిపోతుంది. ఎండాకాలంలో చాలా బ్రెడ్‌లు చెడేది ఈ పది నిమిషాల్లోనే.

కరెంటు పోతే? ముద్ద పొంగుతున్న దశలో ఉంటే టిన్‌తో సహా ఫ్రిజ్‌లో పెట్టి, తలుపు తెరవకుండా కరెంటు కోసం ఆగండి, గంట పైన తట్టుకుంటుంది. కాలుతుండగా పోతే ఓవెన్ తలుపు తీయొద్దు. చివరి పది నిమిషాల్లో పోయిందంటే లోపలి వేడికే చాలావరకు ఉడికిపోతుంది.

కాల్చడం

ఓటీజీ అయితే పైనా కిందా రెండు రాడ్లూ వేసి, 200 డిగ్రీల్లో 10 నుంచి 15 నిమిషాలు వేడిచేయండి. టిన్ పెట్టాక 190కి తగ్గించండి. జాలీని కింది గాడిలో పెడితే టిన్ ఓవెన్ మధ్యకు వస్తుంది. మొత్తం 30 నుంచి 35 నిమిషాలు. చిన్న ఓటీజీల్లో పై రాడ్ దగ్గరగా ఉండి 20 నిమిషాలకే పైన ముదురు రంగు వస్తుంది. అప్పుడు అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పి మిగతా సేపు కాల్చండి. రంగు వచ్చేసింది కదా అని తీసేస్తే లోపల పచ్చిగా ఉంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ ఉన్నవాళ్లు కన్వెక్షన్ మోడ్ మాత్రమే వాడాలి. పొట్టి స్టాండ్ మీద పెట్టి 180లో కాల్చండి.

మొదటి పది నిమిషాల్లో బ్రెడ్ చివరిసారి పైకి లేస్తుంది. లోపలి గాలి వేడికి వ్యాకోచిస్తుంది, ఈస్ట్ చచ్చే ముందు ఇంకొంచెం గాలి వదులుతుంది. ఆ తర్వాత పిండిపదార్థం ఉడికి, గ్లూటెన్ గట్టిపడి ఆ ఆకారం నిలుస్తుంది. అది నిలవక ముందే తలుపు తీసి చూస్తే వేడి పడిపోయి నడుము వంగుతుంది.

ఓటీజీ తిప్పుడు మీట మీద ఉన్న అంకె, లోపల ఉన్న వేడి ఒకటి కాకపోవచ్చు. లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్ తక్కువ ధరకే దొరుకుతుంది, ఒకసారి సరిచూసుకుంటే ఆ టెన్షన్ పోతుంది. బ్రెడ్ ఉడికిందో లేదో ఖచ్చితంగా చెప్పేది గుచ్చే థర్మామీటర్. మధ్యలో 93 నుంచి 96 డిగ్రీలు చూపిస్తే ఉడికినట్టు. అది లేకపోతే బ్రెడ్‌ను టిన్ లోంచి తీసి అడుగున వేళ్లతో తట్టండి. డొల్లగా మోగాలి. మొద్దుగా వినిపిస్తే టిన్ లేకుండా ఇంకో ఐదు నిమిషాలు పెట్టండి.

తీయగానే పైన కొంచెం వెన్న రాస్తే పొర మెత్తబడుతుంది. ఐదు నిమిషాల్లో టిన్ లోంచి బయటికి తీసి జాలీ మీద పెట్టాలి. టిన్‌లోనే వదిలేస్తే ఆవిరి పట్టి అడుగు తడిసిపోతుంది. గంటన్నర, రెండు గంటలు కోయకండి. ఇల్లంతా ఆ వాసన ఉన్నప్పుడు పిల్లల్ని ఆపడం కష్టమే. కానీ బ్రెడ్ లోపల ఇంకా కుదురుకుంటూ ఉంటుంది, వేడిమీద కోస్తే బంకగా చాకుకి అంటుకుంటుంది.

ఎక్కడ తేడా వచ్చింది

గట్టిగా ఇటుకలా వస్తే: పిండి ఎక్కువ చల్లి ఉంటారు, లేదా పొంగకముందే కాల్చి ఉంటారు, లేదా ఈస్ట్ చచ్చిపోయింది. పైన బోర్లించినట్టు రావాల్సింది గుంట పడితే రెండో పొంగు మించింది. పక్కన టిన్ అంచు వెంబడి చీలితే దానికి వ్యతిరేకం, ఇంకా పొంగాల్సింది. ఈస్ట్ వాసన, కల్లు వాసన కొడితే ముద్ద వేడెక్కింది, లేదా ఈస్ట్ ఎక్కువైంది. ఈసారి ఒక గ్రాము తగ్గించి చల్లటి నీళ్లు పోయండి. అడుగున బంక చార ఉంటే లోపల ఉడకలేదు. రంగు తెల్లగా ఉండిపోతే పిండిలోని చక్కెరంతా ఈస్ట్ తినేసిందన్నమాట, అంటే మొదటి పొంగే ఎక్కువైంది.

మరునాటికి గట్టిపడుతోందన్న ఫిర్యాదు అందరికీ ఉంటుంది. దానికి జపాన్, తైవాన్ బేకరీల్లో వాడే మంచి ఉపాయం ఉంది. చెప్పిన 300 గ్రాముల్లోంచే 20 గ్రాముల మైదా, 100 గ్రాముల పాలు తీసుకుని, సన్నటి మంట మీద గరిటె గీత నిలిచేదాకా కలుపుతూ ఉడికించండి. 65 డిగ్రీల దగ్గర అది జావలా చిక్కబడుతుంది. పూర్తిగా చల్లార్చి, మిగతా పిండిలో 90 గ్రాములకు బదులు 110 గ్రాముల నీళ్లతో కలపండి. ఉడికిన పిండి నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి మూడో రోజుకీ మెత్తదనం ఉంటుంది. ప్యాకెట్ బ్రెడ్ మెత్తదనానికి అలవాటుపడిన ఇళ్లలో ఇది తప్పక చేసి చూడండి.

గోధుమపిండితో

మన గోధుమపిండి చపాతీల కోసం ఆడించింది. రాళ్ల మధ్య రాపిడికి గింజలోని పిండిపదార్థం కొంత నలుగుతుంది. అందుకే అది నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, చపాతీ మెత్తగా వస్తుంది. బ్రెడ్‌లో అదే గుణం వల్ల ముద్ద జిగురుగా అయి, తొందరగా పులుస్తుంది. పొట్టు ముక్కలు గ్లూటెన్ అల్లికను కోస్తాయి కూడా. కాబట్టి మైదా బ్రెడ్ ఎత్తు ఇందులో ఆశించకండి. అంతకంటే చిక్కగా, కమ్మగా ఉండేది వస్తుంది, దాన్ని దానిలాగే ఇష్టపడాలి.

మొదట సగం మైదా, సగం గోధుమపిండితో చేయండి. నీళ్లు ఇంకో 15, 20 గ్రాములు పెంచితే చాలు. పూర్తి గోధుమపిండి అయితే: పిండి 300, పాలు 100, నీళ్లు 125, బెల్లం పొడి 20, ఉప్పు 6, నూనె 20, ఈస్ట్ 3 గ్రాములు. పిండిని పాలు, నీళ్లతో మాత్రమే కలిపి (రెండు చెంచాల నీళ్లు పక్కన ఉంచుకుని) 40 నిమిషాలు నాననివ్వండి. పొట్టు మెత్తబడటానికి ఆ సమయం కావాలి. తర్వాత ఆ రెండు చెంచాల నీళ్లలో ఈస్ట్ కలిపి పోసి, బెల్లం, ఉప్పు, నూనె వేసి పిసకండి. పొరలా సాగే పరీక్షలో మైదా అంత పలచగా రాదు. చిరగకుండా కొంచెం సాగితే చాలు. మొదటి పొంగు రెట్టింపు దాకా వద్దు, ఒకటిన్నర రెట్లకే ఆపేయండి. రెండో పొంగులో టిన్ అంచుకి సమానంగా రాగానే ఓవెన్‌లో పెట్టండి. ఇంకాస్త ఎత్తు కావాలంటే బేకింగ్ సరుకుల దుకాణాల్లో దొరికే గ్లూటెన్ పొడి 12 గ్రాములు కలపొచ్చు. అది గోధుమల్లోంచి తీసినదే.

రాగి, జొన్న పిండి కలపాలనుకునేవాళ్లు 300లో 45 గ్రాములు దాటకండి. వాటిలో గ్లూటెన్ ఉండదు. రాగిపిండిని ముందుగా దానికి రెండింతల మరిగే నీళ్లు పోసి కలిపి, చల్లార్చి వేస్తే ఇసుకలా తగలదు. ఆ నీళ్లను మొత్తం కొలతలోంచి తగ్గించుకోండి.

ఓవెన్ లేకపోతే

కుక్కర్‌లో గాస్కెట్ తీసేసి ఇసుకో ఉప్పో పోసి కాల్చడం చాలామంది చేస్తున్నారు. నీళ్లు లేకుండా కుక్కర్‌ను అంతసేపు మంట మీద ఉంచడం దానికి మంచిది కాదు, పైగా బ్రెడ్ అడుగు మాడి పైన తెల్లగా ఉంటుంది. నా సలహా పెనం. అదే పిండిని మొదటి పొంగు తర్వాత ఎనిమిది ఉండలు చేసి, వేలెడు మందంలో బిళ్లలుగా నొక్కి, రవ్వ చల్లిన పళ్లెంలో అరగంట పొంగనివ్వండి. మందపాటి పెనం మీద, బాగా సన్నటి మంటలో, మూతపెట్టి ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు కాల్చండి. ఇంగ్లండ్‌లో మఫిన్ పేరుతో పెనం మీద కాల్చే రొట్టె ఇలాంటిదే. మధ్యకి చీల్చి వెన్న రాసుకుంటే ఓవెన్ లేదన్న బాధ ఉండదు.

దాచడం

ఇంటి బ్రెడ్‌లో బూజు ఆపే మందు లేదు. బయట గాలి దూరని డబ్బాలో రెండు రోజులు, వర్షాకాలంలో కోస్తా తేమలో ఒకటిన్నర రోజు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, ఆ చలిలోనే బ్రెడ్ అన్నిటికంటే త్వరగా గట్టిపడుతుంది. పూర్తిగా చల్లారాక ముక్కలు కోసి, ఆ రోజు తినేవి ఉంచుకుని మిగతావి ఫ్రీజర్‌లో పెట్టండి. అక్కడ నెల రోజులు ఉంటాయి. తీసిన ముక్కను నేరుగా పెనం మీదో టోస్టర్‌లోనో వేడి చేసుకోవచ్చు.

ఎండాకాలంలో ఇంకో సంగతి గమనించాలి. కొన్నిసార్లు బూజు కనబడకుండానే బ్రెడ్ మధ్యభాగం జిగటగా మారి, విరిస్తే సన్నటి దారాలు సాగుతాయి, మగ్గిపోయిన పండు వాసన వస్తుంది. ఇది పిండిలో ఉండే ఒక బాసిల్లస్ బాక్టీరియా పని. దాని బీజాలు ఓవెన్ వేడికి చావవు, వేడిలో తేమలో మళ్లీ పెరుగుతాయి. అలాంటి బ్రెడ్‌ను తినొద్దు. డబ్బా, గట్టు, చాకు వెనిగర్‌తో తుడవండి. తర్వాతిసారి నీళ్లలో 30 గ్రాములు తగ్గించి అంత పుల్లటి పెరుగు కలిపితే ఆ పులుపుకి అది అంత తేలిగ్గా పెరగదు.

రెండో రోజు మిగిలిన ముక్కలు ఆవాలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపుతో బ్రెడ్ ఉప్మాకి బాగుంటాయి. శనగపిండిలో ముంచి బజ్జీ వేయాలన్నా అవే మేలు. హైదరాబాదీ డబుల్ కా మీఠాకి అయితే ముక్కల్ని ఒక పూట ఫ్యాన్ కింద ఆరబెట్టండి. ఇంటి బ్రెడ్‌లో తడి ఎక్కువ కాబట్టి, ఆరకుండా నేతిలో వేయిస్తే నెయ్యి పీల్చుకుని పాకంలో చిదిమిపోతుంది.